ఆసుపత్రికని చెప్పి వెళ్లిన పార్కు

2023 డిసెంబరు. శ్రీకాకుళం బస్ కాంప్లెక్స్‌కి దగ్గర్లో, ఒక మందుల షాపు మేడ మీద గదిలో నా ట్రావెల్స్ ఆఫీసు. రైలు టికెట్లు, కాశీ యాత్రలు, పెళ్లి బస్సులు, అరకు ట్రిప్పులు, ఏదడిగినా చేసిపెడతాను. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా మాకు పీక్ సీజన్. అంటే గదులు దొరకవు, దొరికినా ధర రెట్టింపు, మాకు కూర్చుని అన్నం తినే తీరిక ఉండదు. ఆ ఏడాది సెలవుల్లో హైదరాబాదు శివార్లలోని ఒక పెద్ద థీమ్ పార్కుకి గ్రూప్ టూర్ వేశాను. వెంట నేనే వెళ్లాలి.

నాకు నోరెక్కువ అని మా ఇంట్లో అంటారు. ఈ వ్యాపారాన్ని నిలబెట్టింది కూడా ఆ నోరే. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో నేను సిగ్గుపడాల్సింది కూడా దాని గురించే, అందుకని ముందే చెప్పేస్తున్నాను.

ఒక మధ్యాహ్నం మెట్ల మీద ఎవరో ఎక్కుతున్నట్టు, దిగుతున్నట్టు అలికిడి. చాలాసేపటికి ఒకాయన లోపలికొచ్చాడు. అరవైకి అటూ ఇటూ ఉంటాడు, చేతుల మీద సిమెంటు తిన్న మచ్చలు. కాశీ టికెట్ ఎంతని అడిగాడు. చెప్పాను. తిరుపతికెంతని అడిగాడు. అదీ చెప్పాను. తర్వాత గోడ మీద అంటించిన పార్కు పోస్టరు వైపు చూపించి, ఆ మాట ఇంకెవరికీ వినిపించకూడదన్నట్టు అడిగాడు.

"దానికెల్తన్నారట గదమ్మా."

"అవునండీ. మనవల్ని తీసుకొస్తారా?"

"పిల్లల్లేరమ్మా మాకు. మేమిద్దరమే."

నాలిక కరుచుకున్నాను. కుర్చీ చూపించి మంచినీళ్లిచ్చాను. పేరు దానియేలు, తాపీమేస్త్రి, కోటబొమ్మాళి దగ్గర ఊరు. మిషను చర్చికి వెళ్లే కుటుంబం. భార్య రూతమ్మ ఆ ఊరి బడిలో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతుంది.

"బడి పిల్లగుంటల్ని ఆ పార్కుకి తీసుకెల్లినప్పుడల్లా ఇది తెల్లారగట్ట లేచి రైల్లోకి పులిహోర కట్టి పంపిస్తాది" అన్నాడు. "ఆల్లొచ్చి ఉయ్యాలంట, జారుడంట, అలలంట అని దీనికి సెప్తారు. ఇది నాకు సెప్తాది. సూసొచ్చినట్టే సెప్తాదమ్మా. ఒక్కసారి సూపించాల."

"దానికేముంది, రెండు సీట్లు రాసేస్తాను."

"ఇంకోటి ఉన్నాదమ్మా. అక్కడ దాన్ని కూకోబెట్టి ఒకలు వడ్డించాల. అడిగడిగి వడ్డించాల. ఇన్నాల్లూ అందరి కంచాల్లో ఇదే ఏసింది గాని, దీని కంచంలో ఇంకొకలు ఏయడం నాను సూడనేదు."

ఇలాంటి కోరికల్ని మేం యాడ్-ఆన్ అంటాం. ప్యాకేజీలో లేనిది, అడిగితే కలిపి ఇచ్చే అదనపు వేడుక. మామూలుగా కొత్త జంటలు అడుగుతారు. బెలూన్లు, గుండె ఆకారంలో కేకు, మంచం మీద గులాబీ రేకులు. నిజం చెప్పాలంటే చేసి చేసి నాకు విసుగు పుట్టింది. ఈయన అడిగిన దాంట్లో కేకు లేదు, పువ్వుల్లేవు. మనసు కరిగింది. పార్కు లోపలి హోటలు మేనేజరుకి అప్పుడే ఫోన్ చేసి, నీటి పక్కన ఒక టేబులు, దాని దగ్గరే నిలబడి వడ్డించడానికి ఒక మనిషిని మాట్లాడాను.

అంతా అయ్యాక కూడా దానియేలు లేవలేదు.

"ఊర్లో ఏటని సెప్పాలమ్మా" అన్నాడు. "పిల్లా పీచూ లేనోల్లకి పిల్లల పార్కేటి అంటారు. మొకం మీద అనరు, ఎనకాల అంటారు. అది ఇనాల్సొస్తాదనే ఇది రానంటంది."

ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఒక పక్క ఫోన్ మోగుతోంది, గుమ్మంలో ఇద్దరు నిలబడి ఉన్నారు. "ఆవిడకి హైదరాబాదు పెద్దాసుపత్రిలో చెకప్ అని చెప్పేయండి మేస్త్రిగారూ. మారు మాట్లాడేవాళ్లుండరు" అన్నాను. సెలవు దొరకని ఉద్యోగులకీ, అత్తగారికి చెప్పకుండా ఊటీ వెళ్లే కోడళ్లకీ ఈ సలహా ఇచ్చి ఇచ్చి నాకు అలవాటైపోయింది. డబ్బు తీసుకోకుండా ఇచ్చే యాడ్-ఆన్ ఇదొక్కటే అని మా ఆయనతో జోకులేసేదాన్ని. దానియేలు ముఖం తేటపడింది. దండం పెట్టి వెళ్లాడు.

ఇక్కడే పుట్టి పెరిగిన దాన్ని, నాకు తట్టాల్సిన విషయం ఒకటుంది. మా వైపు జబ్బు చేస్తే శ్రీకాకుళం, ముదిరితే విశాఖపట్నం. విశాఖ దాటి హైదరాబాదు వెళ్లారంటే విశాఖ డాక్టర్లు చేతులెత్తేశారని అర్థం. చెకప్ అన్న మాట ఎవరి చెవికీ ఎక్కదు.

రైల్లో రూతమ్మని మొదటిసారి చూశాను. సన్నగా, చురుగ్గా ఉంది. ఒళ్లో అరటిపళ్ల సంచి పెట్టుకుని, ఒక్క పండైనా ఒలవకుండా కూర్చుంది. "చిన్నమ్మి ఇచ్చిందమ్మా. టేసనుదాకా వచ్చి ఏడిసింది" అని మెల్లగా చెప్పింది. చిన్నమ్మి అంటే పక్కింటి మనిషి. వరి పండించుకునే వాళ్లు. బడిలో రూతమ్మతో పాటు అదే పొయ్యి దగ్గర వండుతుంది. మిగతా ఊరికి ఏం చెప్పినా ఆవిడకి నిజం చెప్పి ఉంటారనే నేననుకున్నాను. లేదట. "నవ్వేసి వదిలేయండి, రెండ్రోజుల్లో వచ్చేస్తాం కదా" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

పార్కులోకి అడుగుపెట్టాక మాత్రం రూతమ్మ వేరే మనిషైపోయింది. మా గ్రూపులో కుర్రాళ్లే దారి తెలియక తిరుగుతుంటే, ఆవిడ ముందు నడిచి, ఇటెళ్తే జారుడు, అటెళ్తే అలలు అని చూపించింది. పిల్లలు చెప్పినదంతా ఆవిడ తలలో ఉంది. పెద్ద ఉయ్యాల పడవ ఎక్కి కొంగు నడుముకి చుట్టి, అది పైకి లేచినప్పుడల్లా కళ్లు మూసుకోకుండా కిందికి చూసి నవ్వింది. దానియేలు ఎక్కలేదు. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని కింద నిలబడి, పడవ ఎటు వెళ్తే అటు తల తిప్పుతున్నాడు. నా పని మీద నాకు గర్వం కలిగింది. ఫోటో కూడా తీశాను, వచ్చే సీజన్ పోస్టరుకి పనికొస్తుందని.

మధ్యాహ్నం వాళ్లని టేబులు దగ్గరికి తీసుకెళ్లాను. తెల్లటి గుడ్డ పరిచి ఉంది, పక్కన టోపీ పెట్టుకున్న కుర్రాడు గరిటెతో సిద్ధంగా ఉన్నాడు. "ఏటిది" అంది రూతమ్మ. "కూకో" అన్నాడు దానియేలు. కుర్రాడు మొదటి గరిటె వేయబోతే ఆవిడ అలవాటుగా లేచి గరిటె అందుకోబోయింది. దానియేలు భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. కుర్రాడు పప్పు వేశాడు, "ఇంకొంచెం వేయమంటారా అమ్మా" అని అడిగాడు. ఆవిడ కంచం వైపు చూస్తూ ఉండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు ఫోన్ మోగింది. చిన్నమ్మి. దానియేలు కంగారులో ఏం నొక్కాడో, మాట అందరికీ వినిపించింది.

"ఒదినా, డాక్టరు సూసినాడా? ఏటన్నాడు?"

రూతమ్మ ఫోన్ వైపు వంగింది. సరిగ్గా అప్పుడే మా వెనక ఎత్తైన పట్టాల మీంచి బండి కిందికి జారింది. అందులో ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా కేకలు పెట్టారు.

"ఆ కేకలేటి? ఎవులు అరుస్తన్నారు?"

రూతమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నాకిప్పటికీ కళ్లముందు ఉంటుంది. నిజం చెప్పేయనా అని అడుగుతోంది. నేను చెయ్యి అడ్డం పెట్టి గుసగుసగా అందించాను: "ఎమర్జెన్సీ వార్డని చెప్పండి."

ఆవిడ చెప్పింది.

"బయపడకు ఒదినా" అంది చిన్నమ్మి. "మీ గుళ్లో పార్దన పెట్టినారు. నాను సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంటాను. నీకేటీ అవదు."

ఫోన్ పెట్టేశాక రూతమ్మ తినలేదు. కుర్రాడు అడిగాడు, మేనేజరొచ్చి బాగోలేదా అని అడిగాడు. దానియేలు ముద్ద కలిపి ఆవిడ వైపు జరిపాడు. "నాకు దిగదు, నువ్వు తిను" అంది. ఆయనా తినలేదు. నేను మాత్రం పక్క టేబుల్లో నా భోజనం కానిచ్చాను. పెద్దవాళ్లు ఉత్తినే బెంబేలుపడుతున్నారని మనసులో విసుక్కున్నాను కూడా.

మర్నాడు సాయంత్రం హైదరాబాదులో ఎక్కిన రైలు కోటబొమ్మాళిలో ఆగదు. ఆమదాలవలసలో దిగి, పొద్దున్నే నా కార్లో వాళ్లని ఇంటి దగ్గర దింపడానికి వెళ్లాను. కారు చప్పుడుకి పక్కింట్లోంచి ఒకావిడ పరుగున వచ్చింది. తల మీద కొంగు జారిపోయింది. గుండు. దాని మీద ఇంకా రాలిపోని గంధం.

మా వైపు ఆడవాళ్లు సింహాచలం వెళ్లి మొక్కు చెల్లించాలంటే చాలామంది మూడు కత్తెరలు ఇస్తారు. అంటే జుట్టు చివర మూడుసార్లు కత్తిరించి ఊరుకుంటారు. చిన్నమ్మి మొత్తం ఇచ్చేసింది. కేకలు విన్న మర్నాడే బస్సెక్కి వెళ్లిందట. ఆవిడ నేరుగా నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఆసుపత్రి తాలూకు మనిషిననుకుంది.

"మా ఒదిన్ని బతికించి తెచ్చినావు తల్లీ. నీ కడుపు సల్లగుండ."

నేను చేతులు వెనక్కి లాక్కోలేకపోయాను. ఏం మాట్లాడాలో తోచలేదు. రోజంతా ఆగకుండా మాట్లాడే నోరు నాది.

రూతమ్మ కారు దిగి ఆ గుండు చూసి, అక్కడే నేల మీద కూలబడింది. "నాకేటీ లేదే చిన్నమ్మీ. జబ్బు లేదు. పార్కుకెల్లినాను. ఉయ్యాలెక్కినాను" అంది.

చిన్నమ్మికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కొంగు మెల్లగా తల మీదికి లాక్కుంది.

"నాకు సెప్తే నాను నవ్వుతాననుకున్నావా?"

"నవ్వుతావని కాదే. అయ్యో పాపం, పిల్లల్లేరు కదా, పోనీ ఎల్లనీ అనుకుంటావని. నీ కాడ ఆ మాట పడలేనే."

నాకు అప్పటికి నోరొచ్చింది. "తప్పు వాళ్లది కాదమ్మా. ఆసుపత్రి అని చెప్పమన్నది నేను. వార్డు అని అందించింది కూడా నేనే" అన్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వెవులో నాకు తెల్దు తల్లీ" అంది. "నువ్వు నాకేటీ సెప్పనేదు. సెప్పింది ఇది." ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది.

దానియేలు నన్ను కారు దాకా సాగనంపాడు. నా మీద కోపం చూపించలేదు. వడ్డించిన కుర్రాడికి తన తరఫున ఏమైనా ఇమ్మని, ఆ పిల్లాడు మర్యాదగా అడిగాడని చెప్పాడు. దారిలో చెరువు పక్కన కారు ఆపుకుని ఏడ్చాను. సిగ్గుతో ఏడ్వడం అదే మొదటిసారి.

తర్వాత రెండు మూడుసార్లు దానియేలుకి ఫోన్ చేశాను. ఆడవాళ్లిద్దరూ బడికి వెళ్తున్నారట, ఒకే పొయ్యి దగ్గర వండుతున్నారట. ఉప్పు, నూనె, మంట, వీటి గురించి తప్ప మాటల్లేవట. చిన్నమ్మికి పనికొచ్చేదేమైనా చేస్తానన్నాను. "వద్దమ్మా, ఇంకేటీ సెయ్యొద్దు" అన్నాడు దానియేలు. ఆ మాట మెత్తగానే అన్నాడు. ఆ ఫోటో ఫోన్లోంచి తీసేశాను, తీసేసే ముందు చాలాసేపు చూశాను.

ఈ సంగతి నాకు నేర్పింది చెప్పుకోవడానికి పెద్దదేం కాదు. ఇప్పుడు ఎవరైనా ఇంట్లో ఏం చెప్పాలని అడిగితే నేను అందించను. మీ గురించి ఏడ్చే మనిషి ఒక్కరున్నా వాళ్లకి నిజం చెప్పి రండి, మిగతా ఊరికి మీ ఇష్టం అంటాను. కొందరు నవ్వుతారు, కొందరు టికెట్టు వేరేచోట తీసుకుంటారు. సింహాచలం టూర్లు ఇప్పటికీ వేస్తున్నాను. అందర్నీ దర్శనం లైన్లో నిలబెట్టి, కేశఖండనశాల వైపు వెళ్లకుండా పక్కకి తప్పుకుంటాను. గంధం రాసుకుని బయటికొచ్చే ఆడవాళ్లని తలెత్తి చూడలేను. వాళ్లలో ఎవరు ఎవరి అబద్ధానికి జుట్టిచ్చారో నాకు తెలియదు.