ముందు మంత్రిగారికి

ఈ ఉదయం గిన్నె మీద గరిటెతో కొట్టి పిలిచాను. మా ఇంట్లో కుక్కలకు అదే భోజనాల గంట. ఆది కుంటుకుంటూ వచ్చి నూతిగట్టు పక్కన తన పళ్ళెం ముందు నిలబడింది. పెరుగన్నం, పైన గుడ్డు. నోటి నుంచి చొంగ కారుతోంది కానీ మూతి మాత్రం కిందకు వంచదు. మెడ తిప్పి వరండా వైపే చూస్తుంది. అక్కడ మంత్రిగారు ఇంకా లేవలేదు. లోపల పొయ్యి మీద పాలు, బయట ఈ సత్యాగ్రహం. నాకు అసలే ఓపిక తక్కువ. అన్నం ఉడికేలోగా మూడుసార్లు మూత తీసి చూసే మనిషిని. "తినవే తల్లీ" అని రెండుసార్లు బతిమాలి, మూడోసారి కసిరాను. తినలేదు. ఈ పద్ధతి మేం నేర్పింది కాదు. అయిదేళ్ళ కిందట నేను చేసిన ఒక తెలివితక్కువ పనిని సరిదిద్దుకోవడంలో దానంతట అదే అలవాటైంది.

మంత్రి మా ఇంటికి కుక్కపిల్లగా వచ్చాడు. ఎవరేం మాట్లాడినా తల ఓ పక్కకు వంచి, సలహా చెప్పబోతున్నట్టు చూసేవాడు కనుక మావారు ఆ పేరు పెట్టారు. 'గారు' తర్వాత దానంతట అదే చేరింది. శృంగవరపుకోటలో మా వీధిలో పాలవాడి దగ్గర్నుంచి కరెంటు బిల్లు మనిషి దాకా అందరూ మంత్రిగారనే అంటారు. ఎనిమిదేళ్ళపాటు ఈ ఇంట్లో ఆయనకు ఎదురులేదు. అలాంటి సమయంలో శ్రీకాకుళం నుంచి మా ఆడపడుచు కూతురు ఫోన్ చేసింది. అరసవల్లి దగ్గర ఆటో గుద్దేసి వెళ్ళిపోయిన ఆడకుక్కను స్నేహితులతో కలిసి డాక్టరుకు చూపించి బతికించిందట. వెనక కాలు ఒకటి వంకరగా అతుక్కుంది. "పది రోజులు సూడత్తా. ఇమడకపోతే నానే వచ్చి తీసుకెల్లిపోతాను. కానీ మా ఓనరు కుక్కల్ని రానివ్వడు. ఎక్కడ దొరికినాదో మల్లీ ఆ రోడ్డు మీదే ఒదిలేయాల" అంది. ఆ చివరి మాట నా గుండెలో ముల్లులా దిగింది. తీసుకురమ్మన్నాను. ఆదివారం నాడు వచ్చింది కనుక ఆది అని పేరు పెట్టాం.

మొదటి సాయంత్రం ఏ గొడవా లేదు. మంత్రి వాసన చూసి, తోక ఊపి, తన చోటికి తను వెళ్ళిపోయాడు. మా కుక్క సంస్కారం చూడండని మావారి దగ్గర గొప్పలు పోయాను. చిక్కంతా అన్నం దగ్గర వచ్చింది. మా పుట్టిల్లు విజయనగరం. మా నాన్న వయొలిన్ చెప్పేవారు. దూరం నుంచి వచ్చిన శిష్యుడైనా సరే, వచ్చినవాడు తిని చెయ్యి కడుక్కునేదాకా ఇంట్లోవాళ్ళకు విస్తరి వేయనిచ్చేవారు కాదు. ఆకలికి నేనూ మా చెల్లీ వంటింటి గడప మీద కూర్చుని, ఆ శిష్యుడు మారు అడగకూడదని దేవుళ్ళకు మొక్కేవాళ్ళం. ఆ పెంపకంలో పెరిగిన నేను ఏం చేస్తాను? కొత్తగా వచ్చింది, పైగా దెబ్బ తిన్నది. ముందు ఆదికి పెట్టాను. అది తిన్నాక మంత్రికి పెట్టాను.

మంత్రి గుర్రుమన్నాడు. రెండో రోజు ఆది చెవి కొరికాడు. మూడో రోజు ఆయన్ని గొలుసుతో కట్టేశాను. ఆ గొలుసు మా ఇంట్లో ఎప్పుడో కొన్నదే కానీ అంతవరకూ వాడింది లేదు. లెక్కల మేష్టారుగా రిటైరైన మావారు, వాటాల్లో తేడా ఉందేమోనని ఇద్దరికీ సమానమైన గిన్నెలు తెచ్చి, అన్నం తూచినంత పని చేశారు. లాభం లేకపోయింది. పెరటికి అడ్డంగా తడిక కట్టించాం. నేను తడికకు ఇటు ఓసారి, అటు ఓసారి కాలుకాలిన పిల్లిలా తిరిగేదాన్ని. కూర్చుంటే ఎక్కడో గుర్రుమన్నట్టుండేది, లేచి వెళితే ఏమీ ఉండేది కాదు. "ఎనిమిదేళ్ళు నా చేతి అన్నం తిన్నావు, ఆమాత్రం మర్యాద నేర్చుకోలేదా?" అని మంత్రిని తిట్టేదాన్ని. ఆయనకు మర్యాద నేర్పాలనే పట్టుదలతో ఆదికి ఇంకా ముందు, ఇంకా ముద్దు చేసి పెట్టేదాన్ని.

అయిదో రోజు నుంచి మంత్రి అన్నం ముట్టడం మానేశాడు. గేటు దగ్గర గోడకు మొహం పెట్టి పడుకునేవాడు. ఆది మాత్రం సుఖపడిందా? తోక ముడుచుకుని, ఎవరో లాక్కుంటారన్నట్టు గబగబా మింగి, అంతా కక్కేసేది. ఎనిమిదో రోజు మా మేనకోడలి నంబరు రెండుసార్లు నొక్కి, రెండుసార్లూ కట్ చేశాను. ఆ రోడ్డు, ఆ ఆటోలు కళ్ళ ముందు తిరిగాయి. ఇటు చూస్తే డొక్కలు లోపలికి పోయిన మంత్రి. రేపు తీసుకెళ్ళిపొమ్మని చెప్పేద్దామన్నాను మావారితో. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సిగ్గుతో నాకు ఏడుపు వచ్చింది.

తొమ్మిదో రోజు పొద్దున్న మా అత్తగారు బస్సు దిగారు. కోతలని రాజాం దగ్గర తమ ఊరికి వెళ్ళి, కొత్తబియ్యం సంచితో తిరిగొచ్చారు. కాళ్ళు కడుక్కుని పెరటి గుమ్మంలో నిలబడి, నేను పళ్ళెం పెట్టడం చూశారు.

"ఏటే కోడలా, కొత్తదానికి ముందెడుతున్నావేటి?"

"ఇంటికొచ్చిన అతిథి కదత్తయ్యా."

"సుట్టమైతే రేపెల్లిపోతాది. ఇది ఎల్లిపోవాలా, ఉండాలా? ముందు అది తేల్సు."

ఆవిడ అక్కడితో ఆగలేదు. "కొత్తెద్దుని కొన్నప్పుడు సాలలో పాతెద్దుకే ముందు గడ్డేస్తాం. దాని కళ్ళెదర కొత్తదానికి ముందేసినావంటే, ఇంక అది పక్కన కాడి కింద తలెడతాదేటి? నువ్వీ ఇంటికొచ్చినప్పుడు నాకెట్టినాకే నీకెట్టినారు. ఏటి, సచ్చిపోనావా?"

చచ్చిపోలేదు కానీ, నిజం చెప్పాలంటే ముప్ఫయ్యేళ్ళు మనసులో పెట్టుకున్నాను. పెళ్ళయి వచ్చిన మర్నాడే పంక్తిలో నన్ను ఆఖరున కూర్చోబెట్టారని, పల్లెటూరివాళ్ళకు మర్యాద తెలియదని మా అమ్మకు ఉత్తరం కూడా రాశాను. ఆ వడ్డన నన్ను చుట్టాన్ని కాదని చెప్పడమేనని, ఇక్కడే ఉండాల్సిన మనిషినని చెప్పడమేనని, ఆ పూట కుక్కల పళ్ళేల మధ్య నిలబడ్డాక గానీ నా బుర్రకు ఎక్కలేదు.

ఆవిడ గొలుసు విప్పి, తడిక పక్కకు లాగించి, ఆది పళ్ళెంలోది తీయించి, ముందు మంత్రికి పెట్టారు. వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఆయన ముట్టలేదు. ఆది ఖాళీ పళ్ళెం దగ్గర వణుకుతోంది. నేను అటూ ఇటూ తిరుగుతుంటే "ఏటా తిరుగుడు, కూకో. దానికి మనసవ్వాల కదా" అన్నారు. కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. చాలాసేపటికి మంత్రి ఆది వైపు ఒకసారి చూసి, తన పళ్ళెంలో మూతి పెట్టాడు. రెండు ముద్దలు తిన్నాడు. అప్పుడు అత్తగారు ఆదికి పెట్టారు. గుర్రుమనలేదు. ఆ పూట ఆది నిదానంగా తిన్నది, తిన్నది కడుపులో ఉంచుకుంది.

మర్నాడు మా మేనకోడలు ఫోన్ చేసి, "ఏటత్తా, వచ్చీమంటావా?" అంది. "రా. ఆదిని తీసుకెళ్ళడానికి కాదు, భోజనానికి. నీకు మాత్రం అందరికన్నా ఆఖర్న పెడతాను" అన్నాను. ఆ పిల్లకేం అర్థమైందో గానీ, పక్కనే ఉన్న అత్తగారు నవ్వారు.

ఇప్పుడు మంత్రిగారికి పదమూడేళ్ళు. కళ్ళకు పొర కమ్మింది, వెనక కాళ్ళు వణుకుతాయి. కొన్ని రోజులు ఒక్క ముద్ద కతికి వెనక్కి వెళ్ళిపోతాడు. ఆ ఒక్క ముద్దా పడితే గానీ ఆది ముట్టదు. ఈ ఉదయం గరిటె చప్పుడు ఆయనకు వినపడనే లేదు. ఆది కాసేపు చూసి, నిండు పళ్ళెం వదిలేసి, కుంటుకుంటూ వరండాలోకి వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. మూతితో మెడ దగ్గర పొడిచింది. ఆయన ముందు కాళ్ళ మీద లేచి, ఆగి, వెనక కాళ్ళు కూడదీసుకున్నాడు. ఇద్దరూ బయలుదేరారు. వరండా నుంచి నూతిగట్టుకు పన్నెండు అడుగులు. నేను లోపలికి వెళ్ళి పొయ్యి ఆపేసి వచ్చి, గట్టు మీద కూర్చున్నాను. ఆ పది రోజులు ఎప్పుడు గడుస్తాయా అని కూర్చోలేక తిరిగిన మనిషినే, ఈ పన్నెండు అడుగులు మాత్రం ఎంత ఆలస్యమైతే అంత మంచిదనుకుంటున్నాను.