పోటు అన్న మాట

నాకు కోపం ఎక్కువ. మా పెనుబల్లిలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఆడపిల్లకు సముద్రం బురదలో చెట్లు నాటే చదువేంటని అడిగిన మా పెదనాన్న రెండోసారి అడగలేదు.

ఎనభైల చివర్లో నా పరిశోధన మడ అడవుల మీద. గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడ దగ్గర, ఉప్పునీళ్లు ఎక్కి దిగే బురదలో పెరిగే అడవి అది. వంటచెరకు కోసం నరికేసిన చోట మళ్లీ మొక్కలు పెంచుతున్నాం. ఆ మొక్కలకు గోదావరి మోసుకొచ్చే ఒండ్రే తిండి. ఎంత ఒండ్రు వస్తుందో పైనే చూడాలని వానాకాలమంతా నన్ను భద్రాచలంలో పెట్టారు. రోజూ పొద్దున్నే సీసాల్లో ఏటినీళ్లు పట్టి, ఆరబెట్టి, మిగిలిన మట్టిని తూచడం నా పని. కింద మొక్కలకు కాపలా ఒక పడవాయన. పాయలో, మొక్కల పక్కనే మంచె వేసుకుని ఉండేవాడు. నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. అయినా "అమ్మాయిగారూ" అనే పిలిచేవాడు.

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. నాలుగో రోజు, ఘాట్ దగ్గర నీటిమట్టం చూసే అన్న నెత్తిన గోనెసంచి కప్పుకుని నా గదికి వచ్చాడు.

"మేడం, సీసాలు పక్కన పెట్టుండ్రి. గోదారి పోటు మీదున్నది. నా సర్వీసుల గింత జల్దీ పెరగంగ చూడలే. ఒడ్డున కొట్లు ఖాళీ చేస్తున్నరు."

ఈ నీళ్లన్నీ ఎటు పోతాయి? ఒక రోజు, మహా అయితే ఒకటిన్నర రోజుకు మా మొక్కల మీదికే. అక్కడ మంచె మీద మనిషి ఉన్నాడు. పోస్టాఫీసుకు పరుగెత్తి పడవాయన ఊరి పోస్టుమాస్టరుకు ట్రంకాల్ బుక్ చేశాను. రెండు గంటలకు కలిసింది. లైన్లో ఒకటే గరగర. ఘాట్ దగ్గరి అన్న చెప్పిన మాటే నా నోట్లో ఉంది, అదే అరిచాను.

"గోదారికి పెద్ద పోటు వస్తోంది! మంచె మీదాయనకు చెప్పండి, జాగ్రత్త!"

"అలాగేనండి, ఇప్పుడే కబురెడతానండి."

హమ్మయ్య అనుకున్నాను. గదికొచ్చి అన్నం కూడా తిన్నాను.

సాయంత్రానికి మనసాగక పోస్టాఫీసుకెళ్లి మళ్లీ చేశాను. పోస్టుమాస్టరు హుషారుగానే ఉన్నాడు. "చెప్పించేనండి. అమావాస్య పోటు కదండి, పెద్దదే వత్తాదండి అన్నాడంట. మొక్కలు కొట్టుకుపోకుండా తడికలు బిగించుకుని అక్కడే ఉంటానన్నాడంటండి."

ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. మా వైపు గోదారి పోటు మీదుందంటే వరద. సముద్రం పక్కన పోటంటే రోజుకు రెండుసార్లు ఎక్కి దిగే ఉప్పునీరు. అమావాస్యకు ఇంకాస్త ఎక్కుతుంది, అంతే. దాని మీద పరీక్ష రాసి పాసైన దాన్ని నేను!

"పోటు కాదండీ, వరద! వరద! దిగి రమ్మనండి!"

అవతల ఎవరూ లేరు. లైను పోయింది.

"స్తంభాలు కూలినయంట మేడం," అన్నాడు ఆపరేటరు.

"అయితే టెలిగ్రాం ఇవ్వండి."

"అదీ గా తీగల మీదనే పోవాలె గద."

ఆయన్ని కూడా తిట్టాను, పాపం. రేడియోలో చెబుతారులే అన్నారు పక్కనున్నవాళ్లు. మంచె మీద రేడియో ఎక్కడేడ్చింది?

తెల్లారుతూనే మొదటి బస్సెక్కాను. నీళ్లకంటే నేను ముందు చేరాలి. బూర్గంపాడు దగ్గర రోడ్డు మునిగిందని కొత్తగూడెం మీదుగా తిప్పాడు. మా పెనుబల్లి మీదుగానే పోయింది. మా సందు కనిపించినా దిగలేదు. సత్తుపల్లిలో డ్రైవరు చాయ్‌కని దిగేసరికి కండక్టరు మీద విరుచుకుపడ్డాను.

"ఏందమ్మా గట్ల మీద పడతవ్? కాన్పు కేసా ఏంది?"

"మనిషి ప్రాణం!"

"అవ్, బస్సులున్నోళ్లయీ ప్రాణాలే. ఆయన్ని చాయ్ తాగనియ్యి. లేకుంటే స్టీరింగు మీదనే కునుకు తీస్తడు."

నిజమే చెప్పాడు. అందుకే ఇంకా మండింది.

రాజమండ్రి వంతెన మీద తల బయటపెట్టి చూశాను. నీళ్లు ఎర్రబడ్డాయి గానీ అసలు వరద ఇంకా రాలేదు. ప్రాణం కాస్త కుదుటపడింది. అక్కణ్నుంచి రెండు బస్సులు మారి, పొద్దు వాలకముందే ఊరు చేరాను. పడవాయన భార్య ఒడ్డునే ఉంది. "వరద వస్తోంది, ఆయన్ని తీసుకురావాలి," అన్నాను. వెంటనే పడవ విప్పి గెడకర్ర అందుకుంది.

అది నీళ్లు దిగే వేళ. దిగడం లేదు. ఎర్రగా, నురగతో పైకే వస్తున్నాయి. ఆమె గెడ వేసిన ప్రతిసారీ పడవ పక్కకు కొట్టుకుపోతోంది. మలుపు తిరిగేసరికి నడుంలోతు నీళ్లలో నిలబడి తడికకు తాడు కడుతున్నాడాయన.

"వదిలెయ్! పోటు కాదు, వరద! ఎక్కు!" అని అరిచాను.

నా వైపు చూశాడు, మొక్కల వైపు చూశాడు. "రెండేళ్ల మొక్కలండి..."

"పోతే పోనీ! ఎక్కమంటుంటే!"

ఎక్కాడు. మేము మలుపు దాటకముందే వెనక మంచె ఒక పక్కకు ఒరిగింది.

ఒడ్డెక్కాక ఆమె తడిసిన కొంగు పిండుకుంటూ నాతో అంది: "నీళ్ల రంగు మారిందని పొద్దున్నే వెళ్లి పిలిచేనండి. ఇది వరదయ్యా, వచ్చెయ్ అన్నానండి. ఇంటేనా! నీకేం తెలుసే, అమ్మాయిగారు చదువుకున్నోరు, వరదైతే వరదనే చెబుతారు, ఆవిడ పోటన్నారంటే పోటే అన్నాడండి."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. భద్రాచలం నుంచి నా మాట వినని ప్రతివాణ్నీ తిట్టుకుంటూ వచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన పడవ తాడు గుంజకు కడుతూ భార్యను కసురుకున్నాడు. "కబుర్లు తర్వాత. అమ్మాయిగారు ఎప్పుడు తిన్నారో ఏటో, ముందు అన్నం ఎట్టు."