వీసా ఫోటోల తెల్లబడ్డ మనిషి

మా బాపు ఆర్టీసీల కండక్టర్ చేసి రిటైరైండు. నా పెండ్లి సంగతిల ఆయనది ఒకటే మాట. "మనిషిని నా ఇంట్ల కూసోబెట్టి చూడంది నేను అవునన, కాదన." నేను చేసుకుంటనన్న మనిషి కెన్యా దేశపోడు. మస్కట్ దవాఖానల నేను నర్సు, ఆయన ల్యాబ్‌ల. ఇద్దరం ఒకే చర్చికి పోయేటోళ్లం, అట్ల మొదలైంది. నేను ఎల్బీనగర్ ఇంటికి వాపస్ వచ్చిన. ఆయనకు సెలవు దొరికేది క్రిస్మస్‌కే. అప్పటికి టూరిస్ట్ వీసా రాకపోతె, మళ్ల ఏడాది దాక బాపు ముంగట పెండ్లి ముచ్చట ఎత్తుడే ఉండది.

ఆయనకు అన్ని నైట్ డ్యూటీలు. "వీసా ఫారం నువ్వే నింపు" అని పాస్‌పోర్టు కాపీ, ఫోన్‌ల తీసుకున్న ఫోటో పంపి ఊకున్నడు. నేను అమ్మను వెంటబెట్టుకొని దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ పక్క గల్లీల నెట్ సెంటర్‌కు పోయిన. ఆ ఫారం అడగని సంగతి లేదు. వాళ్ల నాయిన ఏడ పుట్టిండు, అమ్మ ఏడ పుట్టింది, ఒంటి మీద గుర్తులేంది. గుర్తంటె గడ్డం మీద చిన్న దెబ్బ గీత, అది నాకే ఎరుక, రాసిన. ఒక్క కాడ ఆగిన. ఇండియాల తెలిసిన మనిషి పేరు, అడ్రస్ ఇయ్యాల్నట. పొద్దుగాల బాపును అడిగితె చాయ్ కప్పు పక్కకు పెట్టి, "చూడని మనిషికి నా పేరెట్ల ఇస్త బిడ్డా?" అన్నడు. కోపంగ అనలే. కోపంగ అన్నా బాగుండు, జగడమన్న పెట్టుకుందును.

ఆ డబ్బ ఖాళీగ ఇడిసిపెట్టి ఫోటో దిక్కు వచ్చిన. ఫోటోల వెనుక నీలి గోడ ఉన్నది, తెల్లగ ఉండాలె. కిందనే ఫోటో స్టూడియో ఉంటె నా ఫోన్ ఇచ్చి అమ్మను పంపిన. అమ్మ నవ్వుకుంట వాపస్ వచ్చింది. ఆ ఫోటో నా ఫోన్‌ల చూసి నాకు దిమ్మ తిరిగింది. గోడ ఒక్కటే కాదు, మనిషి సుత తెల్లబడ్డడు. మొఖం గోధుమ రంగుకు వచ్చింది. గడ్డం మీది గీత మాయం. అంగీ పోయి నల్లకోటు, ఎర్ర టై వచ్చినయ్.

"ఏందమ్మా గిది?"

"జర మంచిగ చెయ్యమన్న, అంతే. రేపు పెండ్లి కుదిరితె చర్చిల అందరికి ఇదే ఫోటో చూపిస్తం గద."

నిజం చెప్తె దీంట్ల వింతేం లేదు. మా ఇంట్ల గోడకున్న ఫోటోలన్ని గట్లనే ఉంటయ్. నా నర్సింగ్ హాల్‌టికెట్ మీద నేను ఎవరో పరాయి బిడ్డ లెక్క ఉంట. కోటు లేని మగోని ఫోటో మా గల్లీల దొరకది. ఎవ్వలు దాన్ని అబద్ధమనుకోరు, మర్యాద అనుకుంటరు. గని ఆ రోజు నాకు మనసు చివుక్కుమన్నది. "ఆయన రంగు నీకేం అడ్డమొచ్చింది? పాస్‌పోర్టుల ఒక మొఖం, దీంట్ల ఒక మొఖం ఉంటె వీసా ఎవడిస్తడు?" అని నడి బజార్ల లొల్లి పెట్టిన. ఫారం సగంల ఇడిసి ఇంటికి మళ్లితె, అమ్మ బస్సుల కొంగుతోని కండ్లు తుడుసుకుంది. పాపమనిపించింది, గని కోపం దిగలే.

ఇంటికొచ్చి ఫోన్ మంచం మీద పడేసిన. బాపు దాన్ని తీసి, అద్దాలు పెట్టుకొని ఫోటో చూసిండు.

"ఈయనెవరు?"

అమ్మనే అన్నది, "ఇంకెవరు, ఆ పిల్లగాడే."

"కాదు," అన్నడు బాపు. "ఆయన గింత తెల్లగ ఏడున్నడు? గడ్డం మీద గీత ఉండాలె. నవ్వొస్తె ఎడమ కన్ను చిన్నగైతది. దీంట్ల రెండు కండ్లు సమానం చేసిండ్రు."

అమ్మ, నేను మొఖాలు చూసుకున్నం. నేను ఆయనతోని వీడియో కాల్ మాట్లాడినప్పుడల్ల బాపు ఆ మూల కుర్చీల పేపరు అడ్డం పెట్టుకొని కూసునేది. ఒక్కనాడు ఫోన్ ముంగటికి రాలే.

"నువ్వెప్పుడు చూసినవ్ బాపూ?"

"ఇల్లు గింతంత. చూడకుండ ఏడికి పోవాలె?" అనుకుంట చెప్పులేసుకున్నడు. "నడువుండ్రి, దుకాణం బంద్ జేస్తడు."

స్టూడియో ఆయన కోస్తా మనిషి. "ఏమండీ, అడిగినట్టే ఫెయిర్‌గా చేసిచ్చాను కదండీ, ఇంకేం కావాలి?" అన్నడు.

"ఏమొద్దయ్యా. వెనుక గోడ తెల్లగ చెయ్, మనిషి జోలికి పోకు."

ఆయన మాదిక్కు విచిత్రంగ చూసి పనిల పడ్డడు. కోటు పోయింది, టై పోయింది. నలుపు వచ్చింది, గీత వచ్చింది. అమ్మ ముంగటికి వంగి చూసి, "గిట్లనే బాగున్నడు" అని మెల్లగ అన్నది. నా కోపమంత ఆడికే దిగిపోయింది.

"ఇంతకీ ఈయన మీకేమవుతారండీ?" ఊరికెనే అడిగిండు స్టూడియో ఆయన.

బాపు అద్దాలు సర్దుకొని కంప్యూటర్‌ల ఫోటో దిక్కు చూసిండు. "అల్లుడు," అన్నడు.

నేను గబగబ పైకి నెట్ సెంటర్‌కు పోయి ఫారం మళ్ల తెరిచిన. తెలిసిన మనిషి పేరడిగే పొద్దటి ఖాళీ డబ్బ కాడ నా చెయ్యి ఆగింది. బాపును మళ్ల అడగనీకె ధైర్యం చాలలే. బాపు నా కుర్చీ వెనుక నిలబడి, బస్సుల స్టేజీలు చెప్పినట్టు గట్టిగ, ఇంటి పేరుతోని సహా తన పేరు చెప్పిండు.