శ్రీమంతం పళ్ళెంలో ఏనుగు పిల్ల

నిన్న సాయంత్రం నంద్యాలలో మా పైవాటాలో అద్దెకుంటున్న అమ్మాయి ఫోను చేతబట్టుకుని మెట్లు దిగి వచ్చింది. ఆళ్లగడ్డలో తన స్నేహితురాలి శ్రీమంతమట, వచ్చేవాళ్ళు పుట్టబోయే బిడ్డకు తలా ఒక బొమ్మల పుస్తకం తేవాలని పిలుపులోనే రాశారట, టీచరుగా పనిచేసినదాన్ని గనక ఏ పుస్తకం కొనాలో నన్నే చెప్పమంది. నేను జవాబు చెప్పకుండా నవ్వడం మొదలుపెట్టాను. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటుంటే పాపం ఆ పిల్ల బెదిరిపోయి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఏం చెప్పను తల్లీ! అదే ఆళ్లగడ్డలో, ఇలాంటి శ్రీమంతంలోనే, ఇదే పని చేసినందుకు ఒకప్పుడు మా అమ్మ నలుగురిలో నన్ను కడిగి ఆరేసిందంటే ఈ కాలం పిల్లలు నమ్ముతారా?

మన ఈడు వాళ్ళకైతే విడమరిచి చెప్పనక్కర్లేదు. బిడ్డ భూమ్మీద పడకముందు బిడ్డ పేరు చెప్పి ఇంట్లోకి నూలుపోగు కూడా రాకూడదన్నది మన పెద్దల మాట. ఉయ్యాల కొనకూడదు, చొక్కా కుట్టకూడదు, గిలక్కాయ తేకూడదు, ఏం పేరు పెడదామని పైకి అనుకోకూడదు. శ్రీమంతమంటే తల్లికి జరిగే ముచ్చటే, గాజులూ చీరా పూలూ పసుపుకుంకుమలూ ఒడినిండా పండ్లూ అన్నీ ఆమెకే. లోపలున్న బిడ్డ కోసమే ఇదంతా అని అందరికీ తెలుసు, ఒక్కరూ ఆ మాట ఎత్తరు.

మా ఇంట్లో ఈ పట్టింపు మరీ ఎక్కువ, దానికి కారణమూ లేకపోలేదు. మా వదిన, అంటే మా అన్న భార్య, మొదటిసారి నీళ్ళు పోసుకున్నప్పుడు మా అమ్మ సంబరం పట్టలేక పాత చీరలు కత్తిరించి చిన్న బొంత కుట్టింది. ఆ కడుపు నిలవలేదు. రెండోసారీ అంతే అయింది. తాను తొందరపడి బొంత కుట్టడం వల్లనే ఇదంతా జరిగిందని మా అమ్మ తనను తాను తిట్టుకోని రోజు లేదు. మా అమ్మ మనసు వెన్న, నోరు మాత్రం మిరపకాయ, ఆ దిగులంతా ఆమెకు కోపంగానే బయటికి వచ్చేది.

వదినకు తల్లి లేదు. అందుకని మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు శ్రీమంతమూ పురుడూ మా ఇంట్లోనే అనుకున్నారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె ఎంత మాటకారి అనుకున్నారు! బావి దగ్గర ఆమె నోరు విప్పిందంటే నీళ్ళకొచ్చినవాళ్ళు బిందెలు కింద పెట్టుకుని నిలబడిపోయేవాళ్ళు. అలాంటి మనిషికి ఆ రెండు కడుపులూ పోయాక మాటే కరువైంది. కడుపు మీద పొరపాటున కూడా చెయ్యి వేసుకునేది కాదు. ఎన్నో నెలమ్మా అని ఎవరైనా అడిగితే ఏమో అని లోపలికి వెళ్ళిపోయేది. ఆశ పెట్టుకుంటే అదీ చేజారిపోతుందని ఆమె భయం. ఈ మనిషి చేత ఒక్కసారైనా నా బిడ్డ అని నోరారా అనిపించాలని నాకు పంతం పట్టుకుంది, నేను పంతం పట్టానంటే ఎంత మొండిదాన్నో మావాళ్ళకు బాగా తెలుసు.

నాకప్పుడు శిరివెళ్ల బడిలో కొత్తగా ఉద్యోగం. శ్రీమంతానికి చీర తెద్దామని ఒక శనివారం బడి వదలగానే నంద్యాల బస్సెక్కాను. చీరల అంగడికే పోతున్నదాన్ని, దారిలో గైడ్లూ స్లేట్లూ అమ్మే పుస్తకాల అంగడి ముందు దారానికి వేలాడదీసిన బొమ్మల పుస్తకాలు చూసి ఆగిపోయాను. పిల్ల వయసెంత టీచరమ్మా అని అంగడాయన అడిగాడు. ఇంకా పుట్టలేదన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, అయితే ఎక్కాల పుస్తకమూ ఇప్పుడే కట్టమంటావా అని నవ్వాడు. నవ్వుకో నాయనా అనుకుని స్టూలు లాక్కుని కూర్చున్నాను.

పుట్టని బిడ్డకు పుస్తకం ఎంచడమంటే చీర ఎంచినంత సులువు కాదని ఆ పొద్దు తెలిసింది. తోడేలు మేకపిల్లలను మింగేసే పుస్తకం పక్కన పెట్టాను, కడుపుతో ఉన్న మనిషి చూసేది కాదది. రాక్షసుడి కోరలున్నదీ వద్దనుకున్నాను. నీతులు చెప్పేవైతే అసలు ముట్టుకోలేదు, ఇంకా కళ్ళు కూడా తెరవని బిడ్డకు అబద్ధమాడరాదని అప్పుడే చెప్పడమెందుకు? ప్రతిదానికీ చివరి కాగితం ముందు చూశాను, చివర్లో అందరూ నవ్వుతూ ఉంటేనే ఒళ్ళో పెట్టుకున్నాను. పండ్ల బొమ్మలదొకటి, పిట్టల పాటలదొకటి, అడవిలో ఏనుగు పిల్ల కథ ఒకటి తీసుకున్నాను. ఏనుగు పిల్ల పుస్తకం చివర్లో పిల్ల తల్లి కాళ్ళ మధ్య చేరి నిద్రపోతున్న బొమ్మ ఉంది. ఆ బొమ్మకే నేను పడిపోయాను. చీర సంగతి మరిచేపోయాను.

శ్రీమంతం నాడు వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. ఆ చివర శిల్పాలు చెక్కేవాళ్ళ ఉలి చప్పుడు ఒక పక్క, ఓళిగలు కాలుస్తున్న వాసన ఒక పక్క. వదినను పీట మీద కూర్చోబెట్టి గాజులు వేశారు, అక్షింతలు వేశారు, ఒకరి తర్వాత ఒకరు పళ్ళేలు తెచ్చి ముందర పెట్టారు. ఆమె తలెత్తకుండా కూర్చుంది. నా వంతు వచ్చింది. తమలపాకులూ గాజులూ పెట్టిన పళ్ళెంలో ఆ పుస్తకాలు పేర్చి, పైన ఏనుగు పిల్ల కనబడేలా పెట్టి, చాలా గొప్పగా తెచ్చి ఆమె ముందు దించాను. అంతే. పాట పాడుతున్న వాళ్ళు పాట ఆపేశారు.

"ఏమ్మే, బుద్ధుండాదా నీకు? ఏందిది?" అని మా అమ్మ వంటింటి గుమ్మంలోంచే అరిచింది. పుస్తకం తేగూడదని ఎవరు చెప్పారని నేనూ అంతెత్తున లేచాను. నిజానికి ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఎట్లా చెబుతారు? బొంత వద్దన్నారు, గిలక్కాయ వద్దన్నారు, మా ఇండ్లలో బిడ్డకు పుస్తకం కొనవచ్చనే ఊహ ఎవరికైనా వచ్చి ఉంటే కదా అదీ వద్దనడానికి! ఈ న్యాయం మా అమ్మ దగ్గర చెల్లలేదు. చదువుకున్నదాన్ననే పొగరనింది, ఇంటి మీదికి ఏం తెస్తానోననింది. వచ్చి పుస్తకాలను కొంగులో చుట్టి తీసేయబోయింది. బొంత, బొంత అని తనలో తానే గొణుక్కుంటోంది. నాకు కోపమంతా దిగిపోయింది, అయ్యో ఎంత పని చేశాను అనుకున్నాను.

అప్పుడు వదిన ఏనుగు పిల్ల పుస్తకం అట్ట మీద చెయ్యి వేసింది.

"ఉండనీ అత్తా. అది నా బిడ్డకు తెచ్చినాది."

మా అమ్మ అట్లాగే వంగి ఉండిపోయింది. వదినకు అప్పుడు ఏ ధైర్యం వచ్చిందో, పుస్తకం కడుపుకు ఆనించుకుని తెరిచి, అందరికీ వినబడేటట్టు చదవడం మొదలుపెట్టింది. మొదటి మాటకే నా నెత్తిన పిడుగు పడినట్టయింది. ఒక అడవిలో ఒక ఏనుగు పిల్ల తప్పిపోయింది, అని ఉంది అందులో. చివరి కాగితం అంత జాగ్రత్తగా చూసుకున్నదాన్ని, ఆ పిల్ల చివర్లో దొరకాలంటే ముందు తప్పిపోయి ఉండాలని నాకు తట్టనే లేదు! తప్పిపోయిందంట అని ఎవరో వెనకనుంచి గొణిగారు. వదిన చదవడం ఆపేసింది. కాగితం తిప్పలేక అట్లాగే చూస్తోంది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భూమి చీలితే బాగుండునని నేను గోడకు అతుక్కుపోయాను.

ఇంతలో మా జేజి, మా నాయన తల్లి, మూలన కూర్చుని ఓళిగ తింటున్నదల్లా ఓళిగ కింద పెట్టింది.

"అట్ల ఆపితే ఎట్లమ్మే? కాయితం తిప్పు. దొరికిందో లేదో చూడొద్దా?"

వదిన తిప్పింది. ఏనుగు పిల్ల కొంగనడిగింది. మళ్ళీ తిప్పింది. జింకనడిగింది. ఒక్కొక్క కాగితం తిప్పేకొద్దీ ఆడవాళ్ళు చాపల మీద జరిగి జరిగి ముందుకొచ్చారు, మా అమ్మ పీట పక్కనే చతికిలబడింది. వాగు ఒడ్డున తల్లి ఏనుగు కనబడిన కాగితం వచ్చేసరికి, దొరికింది, దొరికింది అని వదిన పుస్తకంలో లేని మాట గట్టిగా అరిచి, ఏడుస్తూ నవ్వుతూ, చెయ్యి తీసుకుపోయి కడుపు మీద వేసుకుంది. ఇల్లంతా గొల్లుమని నవ్వింది. మా అమ్మ వదిన తల తన భుజానికి అదుముకుని, దొరుకుతాది లేమ్మా, దొరుకుతాది అని ఎన్నిసార్లు అనిందో. మా జేజి మాత్రం, నాకు సరిగ్గా వినపడలేదు, మళ్ళీ మొదట్నుంచి చదవమని పట్టుబట్టింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం అరుగు మీద మా వదిన చదివేది, కడుపులో బిడ్డ వినేది, మా అమ్మ బియ్యం ఏరుతున్నట్టు నటిస్తూ వినేది. నెలలు నిండి నంద్యాల ఆసుపత్రిలో మా మేనకోడలు పుట్టింది. వార్డు అదిరేలా ఏడ్చింది. పళ్ళు రాగానే ఏనుగు పుస్తకం అట్ట ఒక మూల నమిలి మింగేసింది కూడా! ఇక మా అమ్మ వరస చూడాలి. వీధిలో ఎవరు నీళ్ళు పోసుకున్నా, శ్రీమంతానికి మా కూతురు పుస్తకం తెస్తాదని తానే ముందుగా మాట ఇచ్చేసేది. ఆ ఊళ్ళో నేను ఎన్ని పళ్ళేలలో ఎన్ని పుస్తకాలు పెట్టానో నాకే తెలియదు. ఎవరైనా పెద్దావిడ నొసలు ముడిస్తే మా అమ్మే నడుము బిగించి ఆమె మీదికి పోయేది.

పైవాటా అమ్మాయికి ఇవన్నీ చెప్పి, చివరి కాగితంతో పాటు మొదటిదీ చూసుకొమ్మని హెచ్చరించి పంపాను. ఇప్పుడు అంగడికి పోయే పని లేదు, పిల్ల వయసెంతని ఎవరూ అడగరు, వేలితో తాకితే పుస్తకాలు గుమ్మంలోకి వస్తాయి. పుట్టకముందే ఉయ్యాలా వస్తుంది, పేరూ వస్తుంది. పళ్ళెం చుట్టూ అంతమంది చేరి ఒక కథను చివరిదాకా వినే ఓపిక మాత్రం తగ్గింది, చాపలూ లేవు, జరిగి కూర్చునే మనుషులూ తగ్గారు. మా అమ్మ లేదు, జేజి లేదు, మొన్నటి ఎండాకాలం వదిన కూడా వెళ్ళిపోయింది. అయినా ఈ కాలం ముందు మేము ఓడిపోయామని నేను ఒప్పుకోను. ఆ రోజు నా బిడ్డ అని అనడానికి మా వదిన ఎంత భయాన్ని దాటి వచ్చిందో చూసినదాన్ని. ఇప్పుడు నంద్యాల బస్టాండులో, కూరగాయల అంగట్లో, నెలలు నిండిన ఆడపిల్లలు కడుపు మీద చెయ్యి వేసుకుని నా బిడ్డ, నా బిడ్డ అని ఎంత గట్టిగా మాట్లాడుకుంటారో. ఒక్కరూ తల తిప్పి చూడరు. నేనొక్కదాన్నే ఆగి చూస్తాను.