డిక్కీ స్ప్రింగులు ఎక్కించింది నేనే

అరవైలలో ఆర్మూర్‌లో మాకొక పాత కారుండేది. రంగు వేయించేటప్పుడు విప్పిన డిక్కీ స్ప్రింగులను తిరిగి ఎక్కించడం ఎవరి వల్లా కాలేదు. మూత నిలబడక, ఎత్తినప్పుడల్లా కర్ర ఆనించేవాణ్ణి.

పసుపు మార్కెట్లో అందరి ముందూ మా అక్క భర్త నవ్వాడు. “ఏం బామ్మర్దీ, నీ కారుకు గప్పుడే చేతికర్ర వచ్చిందా? నీతోని గాదు గని, నిజామాబాద్ మిస్త్రీని పిలువు!”

“నేనే ఎక్కిస్త. నువ్వు గీడనే నిలబడి చూడు బావా,” అన్నాను.

పట్టకారుతో లాగితే స్ప్రింగు జారి నా కనుబొమ్మ చీల్చింది. రక్తం చూసి బావ, “కన్ను పోతదిరా, జర ఇడిసిపెట్టు,” అన్నాడు. నేను వదల్లేదు. పక్కనున్న కుప్పలోంచి ఎండిన పసుపు కొమ్ములు ఏరి, స్ప్రింగును అటూ ఇటూ వంచుతూ చుట్ల సందుల్లో దోపాను. కొన్ని నలిగినా, స్ప్రింగు సాగి అలాగే ఉండిపోయింది. కొక్కేలకు సులువుగా తగిలింది. రెండోదీ అలాగే ఎక్కించి మూత వేస్తే, స్ప్రింగులు ఇంకాస్త సాగి కొమ్ములన్నీ లోపల టపటపా రాలాయి. మళ్లీ ఎత్తితే మూత కర్ర లేకుండా నిలబడింది.

బావ పక్కనే నిలబడి అంతా కళ్లారా చూశాడు. కానీ ఇప్పటికీ ప్రతి పెళ్లిలోనూ, ఆ స్ప్రింగులు నిజామాబాద్ మిస్త్రీ ఎక్కించాడనే చెబుతాడు. అందుకే పత్రికకు రాస్తున్నాను. ఎక్కించింది నేనే. కనుబొమ్మ మీద మచ్చ ఇంకా ఉంది, నమ్మనివాళ్లు వచ్చి చూసుకోవచ్చు.