గుర్తు తప్పు చెప్పిన గొంతు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. దేవుడి మీద అంతంతమాత్రమే. మనుషుల మీదైతే అసలే లేదు. ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా పనిచేస్తే ఎవరికైనా ఆ మూడో నమ్మకం పోతుంది. కాబట్టి ఇది చదివి, పాపం అమాయకురాలు అనుకోకండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ములకలపల్లి వైపు, అడవి అంచున ఒక హాస్టల్లో ఉండేదాన్ని. మా సొంతూరు మధిర దగ్గర. పిల్లలంతా చుట్టుపక్కల కోయ గూడేల వాళ్లు. నా గదిలో ఒక ల్యాండ్‌లైన్ ఫోను ఉండేది. అవతలి నంబరు చూపించే సౌకర్యం దానికి లేదు.

ఆ ఫోనే నా ప్రాణం తీసేది. "ఫలానా పిల్ల నాన్నను మాట్లాడుతున్నా, బస్టాండుకు పంపండి" అని గొంతు మార్చి పోకిరీలు ఫోను చేసేవాళ్లు. నేను లీవులో ఉన్నప్పుడు అలాంటి ఫోను ఒకటి నమ్మి మా వంటమనిషి ఒక పిల్లను పంపేసింది. సెంటర్లో టీకొట్టు ఆవిడ చూసి, చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చింది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి నేనొక పద్ధతి పెట్టాను. పిల్లను చేర్చడానికి వచ్చిన తల్లినో తండ్రినో పక్కకు పిలిచి, ఇంట్లో ఏమని పిలుస్తారో అడిగేదాన్ని. ఎక్కడా రాసేదాన్ని కాదు. ఫోను వచ్చినా, మనిషే వచ్చినా, గుర్తుగా ఆ ముద్దుపేరు చెబితేనే పిల్ల గేటు దాటేది. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని.

భద్రమ్మ అప్పుడు ఏడో తరగతి. తల్లి లేదు. తండ్రి ఎర్రయ్య కూపుల్లో, అంటే అడవిలో సర్కారు నరికించే చోట్ల, వెదురు నరకడానికి వెళ్లేవాడు. ఇంట్లో పిల్లను ఏమంటారని అడిగితే కాసేపు నేల చూసి "చిట్టి" అన్నాడు. ఆ పిల్ల వట్టి వాగుడుకాయ. నిద్రలో కూడా ఎవరితోనో పోట్లాడేది.

మిరపకాయలు ఏరే రోజులు. ఒక మధ్యాహ్నం పిల్లలు భోజనాలు చేస్తుండగా ఫోను మోగింది. ఆడగొంతు. బాగా అలసిపోయినట్టుంది.

"ఎర్రయ్య బిడ్డను ఇయ్యాల ఎవలతోని పంపకు," అంది.

"నువ్వెవరు?" అన్నాను.

"దాని మనిషినే."

సరే, ఇంట్లో ఏమని పిలుస్తారో చెప్పమన్నాను. కాస్త ఆగి "మూగి" అంది.

నాకు ఒళ్లు మండింది. హాస్టల్ మొత్తానికి ఎక్కువ నోరున్న పిల్ల పేరు మూగి అట! తప్పు, పెట్టేయ్ అన్నాను. ఆమె పెట్టలేదు. "పిల్ల మాట్లాడుతదా అమ్మా?" అని అడిగింది. మాట్లాడటమా, దాని నోరు మూయించలేక చస్తున్నాం అన్నాను. అటువైపు ఒక చప్పుడు వినిపించింది. నవ్వో ఏడుపో తెలియలేదు. నేనే ఫోను పెట్టేశాను.

పిల్లలు అన్నాలు తినడం పూర్తికాకముందే గేటు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. ఎర్రయ్యకు తమ్ముడి వరస అని చెప్పుకున్నాడు.

"ఎర్రయ్య మీద వెదురు లోడు పడ్డది మేడం. భద్రాచలం దవాఖానాల ఉన్నడు, బిడ్డను జూడాలంటున్నడు. జల్దీ పంపుండ్రి, జీపు ఆగింది."

గుర్తు అడిగాను. తడుముకోకుండా "చిట్టి" అన్నాడు. భద్రమ్మను పిలిస్తే, అతను వాళ్ల గూడేనికి వస్తుంటాడని చెప్పింది. తండ్రి సంగతి వినగానే ఎంగిలి చేత్తోనే ఏడుస్తూ సంచి కోసం పరిగెత్తింది.

నా పద్ధతి ప్రకారం పంపాల్సిందే. నేను ఆపినందువల్ల ఆ పిల్లకు తండ్రి కడసారి చూపు దక్కకపోతే ఆ పాపం నాదే. కానీ నా అనుమానపు బుద్ధి ఊరుకోదు కదా. అన్నాళ్లలో వచ్చిన దొంగ ఫోన్లన్నీ పిల్లను పంపమనే వచ్చాయి. పంపవద్దని చేసినవాళ్లు ఒక్కరూ లేరు. పంపకపోతే ఎవరికేం లాభం?

దవాఖానాకు ఫోను చేసి కనుక్కుందామని రిసీవరు ఎత్తితే అందులో చప్పుడే లేదు. రోడ్డు పనుల్లో ఆ పొద్దున్నే, అంటే నాకు ఆ ఫోను రాకముందే, తీగ తెగిందని మర్నాడు లైన్‌మన్ అన్నాడు. దీన్ని నేను సాక్ష్యంగా చెప్పడం లేదు. మా వైపు లైన్లు పోతుంటాయి, వస్తుంటాయి, లైన్‌మన్‌లు ఏదో ఒకటి అంటుంటారు.

పద, నేనూ వస్తాను అన్నాను ఆ మనిషితో. జీపులో చోటు లేదన్నాడు. పిల్ల చోటులో నేను కూర్చుని, పిల్లను ఒళ్లో పెట్టుకుంటానన్నాను. డ్రైవర్ని అడిగొస్తానని వెళ్లాడు. మళ్లీ రాలేదు.

అయినా నాకు భయం వదల్లేదు. నిజమైతే? భద్రమ్మను తీసుకుని బస్సులో భద్రాచలం వెళ్లాను. దారి పొడుగునా అది నోరు విప్పలేదు. దవాఖానాలో ప్రతి వార్డూ తిరిగాం. ఎర్రయ్య అనేవాడెవడూ లేడు. అక్కడే బెంచీ మీద ఆ పిల్లను దగ్గరికి లాక్కుని ఏడ్చేశాను. సంతోషం, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి.

ఆ ఆదివారం ఎర్రయ్య నిక్షేపంగా నడుచుకుంటూ వచ్చాడు. పిల్ల చెప్పిన పోలికలను బట్టి, వచ్చినవాడు మిరప తోటలకు పిల్లల్ని కూలికి తోలుకుపోయే మేస్త్రీ అని తేల్చాడు. గూడెంలో అందరూ ఆ పిల్లను చిట్టి అనే పిలుస్తారట. నా గొప్ప తాళానికి ఊరంతా తాళంచెవులే ఉన్నాయన్నమాట.

అప్పుడు ఫోను సంగతి చెప్పాను. ఎవరో మీ చుట్టాలావిడ ముందే హెచ్చరించింది, పేరు మాత్రం తప్పు చెప్పింది, మూగి అంది అన్నాను. ఎర్రయ్య పిల్ల దగ్గర్లో లేదని చూసుకుని గొంతు తగ్గించాడు.

"గా మాట ఎవలకూ ఎరుక లేదమ్మా," అన్నాడు.

భద్రమ్మ పుట్టింది అడవిలో, కూపు దగ్గర వేసుకున్న పాకలో. మొగుడూ పెళ్లామూ తప్ప ఇంకో మనిషి లేడు. పిల్ల పుట్టిందే గానీ ఏడవలేదు. తల్లి ఒళ్లో వేసుకుని వీపు తట్టింది, కాళ్లు రుద్దింది. ఓ మూగీ, ఓ మూగీ అని బతిమాలుతూనే ఆమె ప్రాణం పోయింది. ఆ తర్వాత పిల్ల ఏడ్చింది. పేరు పెట్టింది తర్వాతెప్పుడో. ఆ మొదటి మాట బయటికి అంటే పిల్లకు తగులుకుంటుందన్న భయంతో ఎర్రయ్య ఎవరికీ చెప్పలేదు.

అతను చెబుతుండగా నాకు తట్టింది. ఆ గొంతు ఒక్కసారి కూడా భద్రమ్మ అనలేదు.

నేను అన్ని రకాలుగానూ ఆలోచించాను. మేస్త్రీ పన్నాగం చెవినపడ్డ ఆడమనిషి ఎవరో ఫోను చేసి ఉండొచ్చు. ఎర్రయ్య ఎప్పుడో తాగినప్పుడు ఆ మాట జారి ఉండొచ్చు. తాగినా అనలేదని ఒట్టేశాడు. ఒట్లను నేను నమ్మను. కానీ పిల్ల మాట్లాడుతుందా అని అడిగేవాళ్లెవరు? భద్రమ్మ నోటి సంగతి తెలియనివాళ్లు ఆ గూడెంలో ఒక్కరూ లేరు.

వెళ్లేటప్పుడు ఎర్రయ్య నన్ను ఒకటే అడిగాడు. "మల్ల జేస్తే పిల్లను పిలువమ్మా. మాట్లాడనియ్యి."

ఆ గొంతు నాకు మళ్లీ వినిపించలేదు. అది ఎవరిదో నేను ఇప్పటికీ చెప్పలేను. బదిలీ అయ్యేదాకా మాత్రం, గుర్తు చెప్పలేక తడబడ్డ ఆడగొంతు ఏది వచ్చినా నేను కసురుకోలేదు. లైన్లో ఉండమని చెప్పి భద్రమ్మను కేకేసేదాన్ని. అది పరిగెత్తుకొచ్చి రిసీవరు రెండు చేతులా పట్టుకుని, పొద్దున తిన్న ఉప్మా దగ్గర నుంచి మొదలుపెట్టేది.