బర్రెల కొట్టంలో అల్లుడి కొలువు

ఆమె, నేను ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్ళం. పెళ్ళి చేసుకుందామనుకున్నాక, ఆ మాట అడగడానికి సైదాబాద్ నుంచి గౌలిపురలోని వాళ్ళింటికి వెళ్ళాను. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని మిఠాయి డబ్బాతో వెళ్తే, వాళ్ళ నాయన బర్రె పక్కన కూర్చుని పాలు పిండుతున్నాడు. నేను చెప్పిందంతా తలెత్తకుండానే విన్నాడు.

"పెద్దపిల్ల పెండ్లి గాకముందు చిన్నపిల్లది చెయ్య. అప్పటిదాంక పొద్దుగాల వచ్చి కొట్టంల పని చెయ్యి. బర్రెను జూసి భయపడేటోడు మా ఇంటికి అల్లుడు గాలేడు," అన్నాడు.

నేను అప్పటికే గోడకు అతుక్కుపోయి ఉన్నాను.

మర్నాటి నుంచి తెల్లవారగానే వెళ్ళి పేడ ఎత్తేవాణ్ణి, గడ్డి వేసేవాణ్ణి, కొట్టం కడిగేవాణ్ణి. అక్కడే స్నానం చేసి ఆఫీసుకు పోతే, ఎంత సబ్బు రుద్దినా లిఫ్టులో నా చుట్టూ కాస్త ఖాళీ మిగిలేది. పాలు పిండటం మాత్రం పట్టుబడలేదు. నేను చెయ్యి వేస్తే బర్రె పాలు చేపేది కాదు. ఆమె వచ్చి దాని మెడ నిమురుతూ కబుర్లు చెబితే చేపేది. ఆ కబుర్లు సగం నాకోసమేనని కొన్నాళ్ళకు అర్థమైంది. ఆఫీసులో మేము అంతసేపు ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నా కథ విని, ఆఫీసులో పక్క సీటాయన బైబిల్లోని ఒక పెళ్ళి సంగతి చెప్పాడు. ఒకాయన ప్రేమించిన పిల్ల కోసం ఆమె తండ్రి దగ్గర ఏడేళ్ళు మంద కాశాడట. ప్రేమ వల్ల ఆ ఏడేళ్ళు కొద్ది రోజుల్లా గడిచాయట. నాకు చాలా ధైర్యం వచ్చింది. తర్వాత ఆయన, పెళ్ళయిన మర్నాడు పొద్దున చూస్తే తండ్రి పిల్లను మార్చేయడంతో పక్కన ఉన్నది ఆమె అక్కగారని చెప్పాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మా అక్కగారు, అంటే ఆమె అక్క, వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొడుతోంది. ఒకతను ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వాకిట్లోకి వచ్చాడని చాయ్ కూడా ఇవ్వకుండా పంపేసింది. నేనూ రెండు సంబంధాలు తెచ్చాను. ఆ వరులను నేను మెచ్చుకున్న తీరు చూసి, నీకెందుకు అంత తొందర అని నవ్వింది.

చివరికి అక్కగారే ఒక పొద్దున తండ్రిని నిలదీసింది.

"నా పెండ్లి ఎప్పుడైతదో నాకే తెల్వదు. నా పేరు చెప్పి ఈయనతోని ఎన్నొద్దులు పేడ ఎత్తిపిస్తవ్ నాయినా?"

ఆయన పాల చెంబు కింద పెట్టాడు. అయ్యగారిని పిలిచి మా పెళ్ళికి ముహూర్తం అడుగుదామన్నాడు.

పెళ్ళి పీటల మీద మా మధ్య తెర పట్టారు. జీలకర్ర బెల్లం చేతిలో పెట్టారు. అంతలో నాకు పక్క సీటాయన కథ గుర్తొచ్చింది. ఎంత వెతికినా అక్కగారు కనిపించలేదు. తెర దగ్గరకు వంగి, "నువ్వేనా?" అని అడిగాను.

"నేను గాక ఇంకెవరు? సక్కగ కూసో," అంది అటునుంచి నాకు తెలిసిన గొంతు.

నా భుజం వెనక నుంచి చెయ్యి చాచి తెర కొస పట్టుకున్న అక్కగారు వంగి చెవిలో చెప్పింది. "ఫికర్ చెయ్యకు. నువ్వు పాలు పిండేది జూసినంక నిన్ను నేనెట్ల చేసుకుంట?"

తెర ఊగిపోయేలా నవ్వింది. అయ్యగారు మంత్రం ఆపి మా ఇద్దరినీ గుర్రుగా చూశాడు.

మర్నాడు పొద్దున అత్తగారింట్లో అలవాటుగా లేచి కొట్టంలోకి వెళ్ళాను. మామ నా చేతిలోంచి తట్ట లాక్కున్నాడు. కొత్త అల్లుడితో పేడ ఎత్తిపిస్తే బస్తీలో తలెత్తుకోలేనన్నాడు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తనే గ్లాసు నిండా వేడి పాలు తెచ్చిచ్చాడు. అన్ని రోజులు పనిచేసినా, ఆ ఇంట్లో పాలు తాగటం నాకు అదే మొదలు. మీగడ తీయకుండా ఇచ్చాడు.